తీపు వచ్చిందా?

మా బావగారు చెడ్డమనిషైతే నాకు ఆ ఎండాకాలం ఇంకాస్త తేలిగ్గా గడిచేది. తిట్టుకోవడానికి ఒకరంటూ ఉండేవారు. ఆయన మాత్రం తెనాలి పక్క ఊరి నుంచి రైలెక్కి, రెండు బస్సులు మారి మా ఇంటికి వచ్చి, మంచం మీద తమ్ముణ్ణి చూసి, గబగబా పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కున్నారు. ఒకసారి కాదు, మూడుసార్లు కడుక్కున్నారు. ఆ పూట అంత ఎండ కూడా లేదు.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. ఫాల్గుణంలో మా వారు హరనాథబాబుకి పొలం గట్టు మీదే పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట పోలేదు, మూతి వంకర పోలేదు. నిజామాబాదు ఆసుపత్రిలో పదిహేను రోజులు ఉంచుకుని, ఇంటికి తీసుకెళ్ళి కాలూ చెయ్యీ ఆడిస్తూ ఉండమన్నారు. ఆడిస్తూనే ఉన్నాను. నేను ఎత్తితే లేచేవి, వదిలితే పడేవి.

వెళ్ళేముందు బావగారు నన్ను వసారాలోకి పిలిచారు.

"చూడమ్మా రాధాకుమారీ, ఆరుద్ర కార్తె దాకా చూద్దాం. నాట్లనాటికి వాడు కర్ర పట్టుకునైనా గట్టు మీద నిలబడితే సరేసరి. లేదంటే పొలం కౌలుకిచ్చేసి మా ఇంటికి వచ్చెయ్యండి. వీధిగది ఖాళీగానే ఉంది. మీ అక్కయ్య కూడా అదే చెప్పి రమ్మంది."

ఆయన మంచికే చెప్పారు. కానీ ఆ ఇంట్లోంచే, మా పెళ్ళయిన రెండో ఏడు, అన్నదమ్ములు మాటామాటా అనుకున్నారు. "నీ పంచన బతకాల్సిన ఖర్మ నాకు పట్టలేదు" అని ఈయన కట్టుబట్టలతో నన్ను వెంటబెట్టుకుని బయటికొచ్చారు. ఆ మాట బావగారు ఎప్పుడో మర్చిపోయారు, అన్నది ఈయన కాబట్టి ఈయన మర్చిపోలేదు. బాన్సువాడకి నాలుగు మైళ్ళలో, నస్రుల్లాబాదు దారిలో, కాలువ కింద తుప్పలు కొట్టి ఆరెకరాలు మళ్ళు చేశాం. మాలాంటి కోస్తావాళ్ళ ఇళ్ళు ఓ ముప్ఫై ఉంటే దాన్ని ఇక్కడివాళ్ళు ఆంధ్రా క్యాంపు అనేవారు. మాకు పిల్లలు లేరు. నాట్లనాటికి ఆయన నిలబడాలి. ఆ వేసవిలో నాకు ఇంకో ఆలోచన లేదు.

చీనా డాక్టరు సంగతి మోసుకొచ్చింది రూప్లా. పక్క తండావాడు. మేం ఈ ఊరు వచ్చిన ఏడాది తుప్పలు కొట్టిన చేతుల్లో వాడివీ రెండు. అప్పటినుంచీ మా పొలంలోనే ఉన్నాడు.

"అక్క, బాన్సాడల చీనా డాక్టర్ దిగిండంట. సూదులు గుచ్చి నడిపిస్తుండంట."

"మందేం ఇస్తాడు?"

"మందు లేదంట. వట్టి సూదేనంట."

మంచం మీంచి మా వారన్నారు, "యుద్ధంలో వాళ్ళు పొడిచింది చాలదా రూప్లా, మళ్ళీ పిలిచి పొడిపించుకోవాలా?"

రెండు నెలల్లో ఆయన వేసిన మొదటి ఛలోక్తి అది. ఆ ఒక్క మాటకి నేను మర్నాడే బండి కట్టించాను.

తీరా చూస్తే ఆయన చీనావాడు కాదు, ఒంగోలు మనిషి. పేరు కనకరత్నం. కలకత్తాలో ఒక ముసలి చైనా వైద్యుడి దగ్గర ఆరేళ్ళు ఉండి ఈ విద్య నేర్చుకున్నాడట. రైసుమిల్లు వాళ్ళు ఎండాకాలం ఖాళీగా ఉన్న గోడౌను ఇస్తే అందులో నాలుగు బల్లలు వేసుకుని కూర్చున్నాడు. బియ్యం వాసన, స్పిరిటు వాసన, దాంతోపాటు ఇంకో పొగ వాసన. అది మాచిపత్రి అని ఆయన చెప్పేదాకా పోల్చుకోలేకపోయాను. మనం వినాయకచవితికి ఒక్కరోజు పూజలో వేసి పారేసే ఆకుని వాళ్ళు ఎండబెట్టి, నలిపి, చుట్టలా చుట్టి, అంటించి, నొప్పి ఉన్న చోట వేడి తగిలేలా పట్టుకుంటారట.

ముందు నాలుక చాపమన్నాడు. తర్వాత రెండు మణికట్లూ పట్టుకుని, మూడేసి వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు నాడి చూశాడు. అక్కడున్న పదిమందికీ వినపడేలా చెప్పాడు.

"మన ఒంట్లో పద్నాలుగు దారులున్నాయంటారు చైనావాళ్ళు. వాటిల్లో ప్రాణశక్తి పారుతూ ఉంటుంది. దాన్ని వాళ్ళ భాషలో చీ అంటారు."

మోకాళ్ళ నొప్పులకొచ్చిన లక్ష్మవ్వ పక్క బల్ల మీంచి గయ్యిమంది. "పొద్దుగాల పొద్దుగాల్నే ఛీ అంటవేంది సారు? మేమేం తప్పు జేసినం?"

గోడౌనంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. "సరే అవ్వా, ఆ మాట వద్దు. కాలువ అనుకో. పెద్దకాలువ నుంచి పిల్లకాలువలు, వాటికి తూములు. ఒంటి మీద తూముల్లాంటి చోట్లు మూడొందల పైన ఉన్నాయి. అక్కడే సూది పెడతాం."

"తూముకు చెత్త అడ్డం పడ్డట్టా సారు?" అన్నాడు రూప్లా.

"అంతే. అది కదిపితే పారుదల మళ్ళీ మొదలవుతుంది."

మా వారు బల్ల మీంచి అడిగారు. "డాక్టరుగారూ, కాలువలో అసలు నీళ్ళే లేకపోతేనో?"

కనకరత్నం ఆయన ఎడమచెయ్యి ఎత్తి బల్ల మీద సర్దాడు. "పది రోజుల్లో తెలుస్తుంది హరనాథబాబు గారూ," అన్నాడు.

సూది వెంట్రుకంత ఉంది. నేను భయపడ్డంత లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకటి, మోచేతి దగ్గర ఒకటి, భుజం మీద ఒకటి, మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ళ దూరంలో ఒకటి. ఆ మోకాలి కింది చోటుకి చైనాలో మూడు మైళ్ళ చోటు అని పేరట. అలిసిపోయి కూలబడ్డ బాటసారికి అక్కడ నొక్కితే ఇంకో మూడు మైళ్ళు నడుస్తాడట. నేను ఆ చోటు బాగా గుర్తుపెట్టుకున్నాను.

"గీ సూదిల మందే లేదాయె, ఇగ నొప్పెట్ల పోతది?" అని లక్ష్మవ్వ గొణుగుతూనే ఉంది.

డాక్టరు సూదిని రెండు వేళ్ళ మధ్య మెల్లగా తిప్పుతూ అడిగాడు. "పులుపు వచ్చిందా అండీ?"

మేం మొహమొహాలు చూసుకున్నాం.

"చైనాలో అలాగే అడుగుతారు. చింతపండు పులుపుకీ కండరం సలుపుకీ వాళ్ళకి ఒకటే మాట. సూది సరైన చోట పడితే లోపల బరువుగా, లాగినట్టు ఒకటి పుడుతుంది. అది వస్తేనే వైద్యం పట్టినట్టు. అది నాకు కనపడదు. రోగి చెప్పాలి. చెబితే ఆ చోట తిప్పుతాను, లేదంటే చోటు మారుస్తాను."

"అయ్యో, అది పులుపెందుకవుతుందండీ, తీపు కదా!" అన్నాను. "కాళ్ళు తీపులు, ఒళ్ళు తీపులు అనమూ?"

ఆయన నుదురు కొట్టుకున్నాడు. "మా అమ్మ రోజూ అనేది. కలకత్తా పోయి పులుపు నేర్చుకుని తీపు మర్చిపోయాను చూశారా!" అని ఒక చిన్న నోటుపుస్తకం తీసి రాసుకున్నాడు. మా దిక్కు గుంజుడంటరని లక్ష్మవ్వ చెబితే అదీ రాసుకున్నాడు. రూప్లా వాళ్ళ తండా మాట చెబితే రెండుసార్లు అనిపించుకుని మరీ రాసుకున్నాడు.

"తీపు వచ్చిందా హరనాథబాబు గారూ?"

"లేదండీ."

రెండో రోజూ లేదు. లక్ష్మవ్వకి మాత్రం రెండో రోజే వచ్చింది. "ఓయమ్మో గుంజుతుంది, గుంజుతుంది" అని కేకలు పెట్టి, ఆ సాయంత్రం కర్ర మర్చిపోయి ఇంటికి వెళ్ళిపోయింది. ఆవిడ కర్ర పక్క బల్లకి ఆనించి ఉంటే చూసి నేను అసూయ పడ్డాను. ముసలావిడ మోకాళ్ళ మీద ఏడ్చే స్థితికి వచ్చానా అని నా మీద నాకే రోత పుట్టింది.

మూడో రోజు మా వారు కళ్ళు మూసుకుని ఉన్నారు. డాక్టరు కాలి దగ్గర సూది తిప్పుతున్నాడు.

"వచ్చింది," అన్నారు.

"ఏమిటండీ?"

"తీపు. కొంచెం. మోకాలి కింద."

నేను మనుషులున్నారని కూడా చూడకుండా ఆయన పాదం రెండు చేతులా పట్టుకున్నాను. డాక్టరు మొహం వెలిగిపోయింది. ఇంటికి పోతూ దారి పొడుగునా నా ప్రశ్నలే. ఎట్లా వచ్చింది, ఎంతసేపుంది, మొదట చల్లగా అనిపించిందా వేడిగానా, పైకి పాకిందా కిందికి పాకిందా. ఆయన ఓపిగ్గా అన్నిటికీ చెప్పారు. ఆ రోజు నేను రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాను.

ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. క్యాంపులో ముప్ఫై ఇళ్ళకీ చెప్పాను. బావగారికి ఉత్తరం రాశాను. "మీ తమ్ముడికి తీపు వచ్చింది, రోజురోజుకీ దిగుతోంది, నాట్లకి లేచి నిలబడతారు" అని కార్డు మీద చోటు చాలక అంచుల్లో కూడా రాశాను. పది రోజులు వైద్యం, వారం విడుపు, మళ్ళీ పది రోజులు అన్నాడు డాక్టరు. ఆ విడుపులో మృగశిర ప్రవేశించింది. నేను విత్తనాలు నానబోసి, మొలకెత్తేలా మండె కట్టించి, రూప్లా చేత బావి పక్క మడిలో నారు పోయించాను. కౌలుకిచ్చేవాళ్ళెవరూ నారు పోయరు. ఆ సంగతి అందరికీ తెలియాలనే పోయించాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగమన్న సామెత ఉంది చూశారా, అది నా గురించేనని అప్పుడు నాతో ఎవరూ అనలేదు.

రెండో విడతలో మూడో రోజు.

డాక్టరు ఆయన్ని కుడిపక్కకి, గోడవైపు తిప్పి పడుకోబెట్టాడు. పైకున్న ఎడమకాలికి మోకాలి కింద స్పిరిటు దూది రాశాడు. సూది చేతిలోకి తీసుకున్నాడు. అంతలో పక్క బల్ల మీద లక్ష్మవ్వ కాలు కదిపి కెవ్వుమంది. "అవ్వా, కదలొద్దన్నానా!" అంటూ డాక్టరు అటు తిరిగి, ఆవిడ మోకాలి సూది సర్దడానికి వంగాడు.

"వచ్చిందండీ," అన్నారు మా వారు గోడకేసి. "తీపు వచ్చింది. ఇవాళ మడమ దాకా దిగింది."

సూది ఇంకా డాక్టరు చేతిలోనే ఉంది.

ఆయన సూదికేసి చూశాడు, తర్వాత నాకేసి చూశాడు. లక్ష్మవ్వ ఏదో అనబోయి నా మొహం చూసి నోరు మూసుకుంది. ఆవిడ నోరు మూసుకోవడం ఆ గోడౌనులో నేను చూసింది అదొక్కసారే. డాక్టరు మెల్లగా ఇటు తిరిగి, వంగి, సూది పెట్టి తిప్పాడు.

"మంచిదండీ," అన్నాడు.

తర్వాత నేను మిల్లు వెనక ఊక కుప్ప దగ్గరికి వెళ్ళి నిలబడితే ఆయన కూడా వచ్చాడు. కాసేపు చేతులు తుడుచుకుంటూ ఉన్నాడు.

"అమ్మా, ఇది మంత్రం కాదు. విద్య. కొందరికి పడుతుంది, కొందరికి పట్టదు. నేను ఆయన మాట నమ్మి సూది తిప్పుతున్నాను. వచ్చింది అన్నచోటల్లా ఆగిపోయాను. రాలేదు అని ఉంటే వేరే చోట్లు వెతికేవాణ్ణి."

"ఇప్పుడు వెతకండి."

"వెతుకుతాను. కానీ ఆయన నిజం చెప్పాలి కదమ్మా. మీరు అడగండి."

అడగాలి. ఏమని అడగాలి? మీరు అబద్ధమాడుతున్నారని నాకు తెలిసింది, ఇక మానెయ్యండి అనా? ఆయనకి మిగిలిందే అది. పొలం చెయ్యలేరు, సొంతంగా మంచం దిగలేరు, రోజుకొకసారి నా మొహంలో నవ్వు తెప్పించడం మాత్రం చేతనైంది. దాన్ని కూడా లాక్కోమంటున్నాడు ఈ డాక్టరు.

"ఆయనతో ఏమీ అనకండి. పదిరోజులూ కానివ్వండి," అన్నాను. ఆయన తల వంచుకుని గోడౌనులోకి వెళ్ళిపోయాడు.

బండిలో మా వారు హుషారుగా ఉన్నారు. "ఇవాళ మడమ దాకా వచ్చింది రాధా."

"అవునా," అన్నాను.

రూప్లా ఎడ్లని అదిలించాడు. వాడు ఆ పూట తలుపు దగ్గరే ఉన్నాడు. చూశాడో లేదో నేను అడగలేదు.

మర్నాటి మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే పక్కన కూర్చున్నాను. ఎడమకాలి బొటనవేలు మెల్లగా గిల్లాను. కదల్లేదు. మోకాలి కింద, ఆ మూడు మైళ్ళ చోట గిల్లాను. ఇంకా గట్టిగా గిల్లాను. చర్మం మీద నా గోటి గుర్తు నెలవంకలా పడింది, చివర్న రక్తపు చుక్క కనపడింది. ఆయన ఊపిరి కూడా తేడా పడలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆ తర్వాత డాక్టరు చోట్లు మారుస్తూనే ఉన్నాడు. వీపు మీద పెట్టాడు, తల మీద పెట్టాడు, మాచిపత్రి పొగ పట్టాడు. ఎక్కడ పెట్టినా ఆయన వచ్చిందనే అన్నారు. చివరి రోజు డాక్టరు రోగుల మాటలు రాసుకునే నోటుపుస్తకం తియ్యలేదు. వర్షాలు పడితే మిల్లువాళ్ళకి గోడౌను కావాలి, తను నిజామాబాదు వెళ్ళిపోతున్నానని చెప్పి, మా వారి కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాడి చూస్తున్నాడేమో అనుకున్నాను. కాదు, ఊరికే పట్టుకున్నాడు.

ఇంటిదగ్గర నారు మాత్రం ఏపుగా ఎదిగింది. మామూలు ఏడాదైతే దిష్టి తీసేదాన్ని. ఇప్పుడు ఆ మడి వైపు చూడకుండా బావికి వెళ్ళి వచ్చేదాన్ని. కాలువకి నీళ్ళు వదిలారు. క్యాంపులో అందరూ నాట్ల ముందరి దమ్ములు మొదలుపెట్టారు. "నారు ముదురుతుంది అక్క" అన్నాడు రూప్లా ఒకసారి. రెండోసారి అనలేదు.

ఆరుద్ర మూడో నాడు బావగారు వచ్చారు. నా ఉత్తరం జేబులోనే ఉంది. తమ్ముడి కోసం నల్లతుమ్మతో చేయించిన చేతికర్ర తెచ్చారు, పిడి నున్నగా చిత్రిక పట్టించి మరీ. చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చి, "ఏరా, లేచి నిలబడు చూద్దాం" అన్నారు.

మా వారు కర్ర తీసుకుని కుడిచేత్తో పిడి తడిమి చూశారు. "బాగుంది అన్నయ్యా," అన్నారు.

బావగారు కర్రకేసి, పడిపోయిన ఎడమకాలికేసి చూశారు. అప్పుడు నావైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వు రాశావు కదా. నిజంగానే తీపు వస్తోందా వీడికి?"

మా వారి చూపు కూడా నామీదే ఉంది.

"వస్తోందండీ బావగారూ. రోజూ వస్తోంది. ఇంకొక్క నెల ఆగితే..."

"నీకు అబద్ధమాడటం చేతకాదు రాధా," అన్నారు మా వారు. కోపంగా కాదు, మామూలుగా. "కౌలు సంగతి మాట్లాడు అన్నయ్యా. వీధిగదికి గాలి వస్తుందా?"

బావగారు తమ్ముడి చేతిలోంచి కర్ర తీసుకుని గోడకి ఆనించి, వాకిట్లోకి వెళ్ళిపోయారు.

నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. ఆయనవైపు తిరిగి అడిగాను. "నాకు తెలుసని మీకెప్పుడు తెలిసింది?"

"ఆ మధ్యాహ్నం. నువ్వు నా కాలు గిల్లినప్పుడు."

"మెలకువగా ఉన్నారా?"

"ఉన్నాను. గిల్లావని తెలియలేదు. నువ్వు ఏడుస్తుంటే తెలిసింది."

"మరి మొదటిసారి ఎందుకు చెప్పారు, వచ్చిందని?"

"అప్పటికి రెండు రోజులయింది నువ్వు అన్నం ముట్టుకోక. ఒక్కపూట తింటావని చెప్పాను. నువ్వు నారు పోయిస్తావనుకోలేదు."

తిట్టాలనుంది, ఆయన్ని పట్టుకుని ఊపెయ్యాలనుంది. ఆయన కుడిచెయ్యి నా వీపు మీద వేశారు. బరువుగా ఉంది. ఆ చెయ్యి బాగానే ఉంది.

బయట బావగారి గొంతు వినపడింది. కౌలుకి చేసే నమ్మకమైనవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని రూప్లాని అడుగుతున్నారు.

"నేనే జేస్త సారు," అన్నాడు రూప్లా. "నారు నా చేతులతోనే పోసిన. గీ మడులు నాకు ఎరికె. అన్నకు గింజ తక్కువ రానియ్య."

మా వారు లోపల్నుంచే, "మంచిది అన్నయ్యా, వాడికే ఇవ్వు" అన్నారు. అంతకంటే మంచివాడు మాకు ఈ చుట్టుపక్కల దొరకడు. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా గుమ్మంలోంచి చూసేసరికి నాకు రూప్లా మీద ఒళ్ళు మండిపోయింది. ఎండనక వాననక మా ఆయన్ని చంటిపిల్లాడిలా ఎత్తి బండిలో పడుకోబెట్టిన మనిషి మీద, వాకిట్లో రెండు కాళ్ళ మీద నిలబడి ఉన్నాడన్న ఒక్క కారణానికి.